మా మేనత్త చేతి కొలత

మొన్న వంటింట్లో కొత్త కుళాయి బిగిద్దామని మేస్త్రీ గోడకు ఉలి పెట్టి నాలుగు దెబ్బలు కొట్టాడు. సిమెంటు పెచ్చు ఊడింది. దాని వెనకనుంచి పొడి ఇసుక సన్నగా జారి నా పాదం మీద పడింది. అందులో కందిగింజంత నత్తగుల్ల ఒకటి. మేస్త్రీ దాన్ని గోటితో ఎత్తి చూసి, "వాగిసుక గదన్నా ఇది. ఇంత మంచి ఇసుక యాడ పట్టినావు?" అన్నాడు. నేను నోరు మూసుకుని ఉండటం మా ఊళ్లో అరుదైన సంగతి గనక అతను ఉలి కింద పెట్టి, నాకేమైనా అయిందేమోనని నా మొహంలోకి చూశాడు. ఆ ఇసుక గురించి చెప్పాలంటే మా మేనత్త గురించి చెప్పాలి. ఆమె గురించి చెబితే నా పరువు కొంచెం పోతుంది. ఉన్నదే కొంచెం, పోతే పోనీ అనుకుని చెబుతున్నాను.

మా ఊరు దుత్తలూరుకు పడమటగా కొండ కింద ఉంటుంది. ఆటో మలుపు దాకా వచ్చి, అక్కడినుంచి దారి తనది కాదన్నట్టు ఆగిపోతుంది. మెట్ట నేల. వానొస్తే పైరు, రాకపోతే జీవాలు. గొర్రెల్నీ మేకల్నీ కలిపి మేం అనే మాట అది. నీళ్లకు మాకున్నది ఒక వాగు. ఏడాదిలో నాలుగు రోజులు పారుతుంది, తక్కిన రోజులు ఇసుక కప్పుకుని పడుకుంటుంది. మా అవ్వల కాలంలో ఆడవాళ్లు ఆ ఇసుకలో గుంట తోడి, నీళ్లు ఊరేదాకా పక్కన కూచుని ఊళ్లో వాళ్ల సంగతులన్నీ మాట్లాడుకుని, ఊరినాక కొబ్బరి చిప్పతో బిందెలోకి తోడుకునేవాళ్లు. ఆ గుంటను చెలమ అంటాం. తర్వాత ఊరి నడుమ బోరింగు వేశారు. పిడి కొడితే చాలు, నీళ్లు బొళబొళమని పడతాయి. ఇంక మైలు దూరం నడిచి చెలమకాడ ఎవరు కూచుంటారు? ఇరవై ఏళ్లకు పైగా ఊరంతా ఆ బోరింగు నీళ్లే తాగింది. ఎవరో వచ్చి సీసాలో నీళ్లు పట్టుకుపోయి, మళ్లీ వచ్చి, అందులో ఫ్లోరైడు ఎక్కువుందని చెప్పి, తాగొద్దని బోరింగుకు ఎర్ర రంగు పూసి వెళ్లేటప్పటికి, మా పళ్లకు గోధుమరంగు ఎక్కి చాలాకాలమైంది.

పెళ్లిచూపుల్లో మా ఊరి మగపిల్లలు చాలా గంభీరంగా ఉంటారని చుట్టుపక్కల మంచి పేరుండేది. అది గాంభీర్యం కాదు. నోరు తెరవనని ఇంట్లో ఒట్టు వేయించుకుని తీసుకుపోయేవాళ్లు. నా చూపుల్లో నేనే ఏదో ఎకసెక్కం ఆడి, నేనే పగలబడి నవ్వాను. అంతా అయిపోయిందనుకున్నారు మావాళ్లు. పెళ్లికూతురు కూడా నవ్వింది. అప్పటిదాకా ఆమె ఎందుకు తల ఎత్తలేదో అప్పుడర్థమైంది. వాళ్ల ఊరి బోరింగు కూడా మా బోరింగు చెల్లెలే. అయితే పళ్ల గురించి ఎంతైనా నవ్వుకోవచ్చు గానీ మోకాళ్ల గురించి నవ్వలేం. మా నాయన చివరి ఆరేళ్లు వంగి తన చెప్పులు తాను తీసుకోలేకపోయాడు. ఆయన వయసు అప్పటికి యాభై దాటలేదు.

మా నాయనకు అక్క మా మేనత్త. ఊళ్లోనే మా మామకిచ్చి చేశారు. మామ మంచివాడు, ఆయన మాట్లాడాల్సింది కూడా అత్తే మాట్లాడేసేది గనక ఆయనకు ఆ పని తప్పింది. డెబ్బై దగ్గర పడుతున్నా అత్త పళ్లు తెల్లగా, మొక్కజొన్న కంకిలాగా ఉండేవి. తమ్ముడు నడవలేకుండా పోయినాడు, అక్క రోజూ నలభై గొర్రెల్ని తోలుకుని వాగుకు పోయి వచ్చేది. దీంట్లో కిటుకేమీ లేదు. ఆమె చెలమ మానలేదు, అంతే. బోరింగు కొత్తగా వచ్చిన రోజే ఒక బిందె తెచ్చి పప్పు వేసి చూసిందట. పొద్దున పొయ్యి మీద పెట్టిన కందిపప్పు మధ్యాహ్నానికి కూడా పలుకుగానే ఉందట. "పప్పుకే పడని నీళ్లు మనిషి కడుపుకు ఎట్టా పడతాయిరా?" అని ఇంటింటికీ పోయి చెప్పింది. సీసాతో వచ్చినవాళ్లు కాగితం మీద చెప్పేదాకా పప్పు చెప్పిన మాట ఎవరూ నమ్మలేదు.

చెలమ తోడే ఆడవాళ్లకు ఒక లెక్క ఉండేది. ఇసుకలోకి చెయ్యి దించితే ఎక్కడికి దిగినాక వేళ్లకు తడి తగులుతుందో అదే ఆ నెల నీళ్ల మట్టం. శివరాత్రికి మణికట్టు, ఉగాదికి మోచెయ్యి, రోహిణి కార్తెకు భుజం. అంతకంటే దిగితే ఆ ఏడు జీవాల్ని అమ్ముకోవడం మంచిది. ఈ లెక్క ఎవరూ రాసి పెట్టలేదు. చెలమ మానుకున్న ఇళ్లలో ఒక తరంలోనే మాయమైపోయింది. చివరికి మా అత్త కుడిచేతిలో మాత్రం మిగిలింది.

నా సంగతి కూడా కొంచెం చెప్పుకోవాలి. ఆరో తరగతిలో నేను బడి మానేశానని మా ఇంట్లో అంటారు. బడే నన్ను మానేసిందని నా వాదన. బోరింగులు బాగు చేసేవాడి వెంట తిరిగి ఆ పని నేర్చుకున్నాను. ఆ తర్వాత వాగు ఇసుకలో సిమెంటు వరలు దించి ఊటబావి కట్టారు, ఊరి చివర ట్యాంకు లేపారు, వీధివీధికీ కుళాయిలు పెట్టారు. మోటారు వేసేదీ, నీళ్లు వదిలేదీ నేనే. మొదటి రోజు కుళాయిలో నీళ్లు వచ్చినప్పుడు అత్త దోసిలి పట్టి, ఒక గుక్క పుక్కిలించి, "మన వాగే. పైపులో పడి వచ్చింది గానీ మనదే," అని ఒప్పుకుంది. ఇంట్లో ఆ నీళ్లే వాడుకుంది. కానీ గొర్రెలకు నీళ్లు పెట్టడానికి వాగులో చెలమ తోడటం మాత్రం మానలేదు. కుళాయి వచ్చినా కొబ్బరి చిప్ప వదలని మనిషని నేను ఆమెకు పేరు కూడా పెట్టాను.

కుళాయిలు వచ్చిన తర్వాత పుట్టిన పిల్లలకు పాలపళ్లు ఊడి కొత్తవి వచ్చే వేళకు ఊళ్లో ఒక వింత జరిగింది. వాళ్ల పళ్లు తెల్లగా వచ్చాయి. నా కూతురికి ముందు రెండు పళ్లు వచ్చినప్పుడు నా భార్య ఆ పిల్లను చంకనేసుకుని వీధంతా తిప్పి, "ఈ... అనమ్మా, ఈ... అను," అని అందరికీ చూపించింది. ఏడేళ్ల పిల్లను చంకన మోయడం కష్టమే, అయినా మోసింది.

నీళ్లు కుళాయిలో వస్తుంటే ఇంక వాగుకు ఎవరు పోతారు? మా ఊళ్లో వాగు అనే మాట వినబడటమే తగ్గిపోయింది. సరిగ్గా అప్పుడే ఊరికి పక్కా ఇళ్లు వచ్చాయి. ఒకేసారి ముప్పై పునాదులు లేచాయి. ముప్పై ఇళ్లకు ఇసుక కావాలి. ఇసుక కోసం ఎక్కడికో పోవడమెందుకు, మన వాగులో లేదా? బయటివాళ్లు ఎవరూ రాలేదు. దొంగతనమూ కాదు. ఊరివాళ్లమే ట్రాక్టర్లు మాట్లాడుకుని, కొబ్బరికాయ కొట్టి మరీ తోలుకున్నాం. గోడలకు తోలుకున్నాం, శ్లాబుకు తోలుకున్నాం, తర్వాత ప్రహరీ గోడలకు ఇళ్ల ముందు గుట్టలు పోసుకున్నాం. గుట్ట ఎవరిది పెద్దదని పందెం కూడా. నాది రెండోది. వాగులో ఇసుకంటే మాకు నేల మీద పడి ఉన్న వస్తువు. వాన నీళ్లను ఏడాది పొడుగునా ఎండ తగలకుండా దాచి పెట్టే కుండ అదేనని, కుండను పగలగొట్టి మోసుకుపోతే నీళ్లు నిలవవని, బోరింగు మెకానిక్కునైన నాకే తట్టలేదు. తట్టలేదని అంటున్నాను గానీ, అది పూర్తిగా నిజం కాదు.

ఆ ఏడు ఉగాదికి ఇంకా పదిహేను రోజులుందనగా అత్త గొర్రెల్ని దొడ్లో తోలేసి నేరుగా ఊరి నడుమ అరుగు దగ్గరికి వచ్చింది. అక్కడ నేనూ, ఊరిపెద్దా, ఇంకో నలుగురం కూచుని ఉన్నాం.

"అల్లుడా, చెలమలో చెయ్యి భుజం దాకా దిగినా తడి తగల్లా. మోచేతికాడ ఉండాల్సిన నీళ్లు. ఏందో చూడు," అంది.

నలుగురుంటే నా నోరు ఆగదు. "నీళ్లు యాడికీ పోలేదత్తా. నీ చెయ్యే పొట్టిదయింది. వయసు మీద పడితే అన్నీ కుంచించుకపోతాయి," అన్నాను.

అందరూ నవ్వారు. అత్త నవ్వలేదు. "చెయ్యి పొట్టిదయితే రైక చెయ్యి వేలాడాల గదరా. చూడు, ఎట్టా బిగబట్టుకోనుండాదో," అని జబ్బ చూపించింది. నవ్వు ఇంకా పెద్దదైంది, ఈసారి నా మీద. ఊరిపెద్ద నవ్వు ఆపుకుని, "ఏమబ్బయ్యా, ట్యాంకు నిండతా ఉండాదా లేదా?" అని నన్నడిగాడు.

"నిండతుండాది," అన్నాను.

అది అబద్ధం కాదు. ఎంతసేపటికి నిండుతోందని ఆయన అడగలేదు. పాతరోజుల్లో మోటారు వేసి, ఇంటికి పోయి టీ తాగి వచ్చే లోపల నిండే ట్యాంకు అది. రెండు నెలలనుంచి టీ తాగి, అన్నం తిని, ఒక కునుకు తీసి వచ్చినా నిండటం లేదు. మధ్యమధ్య మోటారు గాలి పీల్చి ఖళ్లుఖళ్లున దగ్గేది. ఆ దగ్గు ఏమిటో నాకు తెలుసు. నా ఇంటి లోపలి పూత అప్పటికి సగంలో ఉంది. ఇసుక ఆపండని నేనే అంటే నా గోడ దగ్గరే ఆగుతుంది. పూత అయిపోనీ, తర్వాత చెబుదామనుకున్నాను. పూత అయిపోయిన తర్వాత ప్రహరీ గోడ గుర్తొచ్చింది.

అత్త ఆ తర్వాత నాతో వాగు మాట ఎత్తలేదు. ఆమె మాట ఎత్తకపోవడం చూసి ఒప్పుకుందనుకున్నాను. ఇన్నేళ్లు ఆమెకు అల్లుడిగా ఉండి అంత మాత్రం తెలియకపోవడం నా తెలివి.

నా గృహప్రవేశం ఉగాది దాటిన మూడో రోజు, పొద్దు పొడిచే వేళకు పెట్టారు. మా వైపు కొత్తింట్లోకి ముందు ఆవు పోతుంది, దాని వెనక ఇంటి ఆడబిడ్డ నిండు బిందె తీసుకుని గడప దాటుతుంది. పొయ్యి ముట్టించి, ఆ నీళ్లు కలిపే పాలు పొంగిస్తారు. ఆ బిందె కుళాయిలో పట్టింది కాకూడదు, బోరింగులో కొట్టింది కాకూడదు; వాగులో చెలమ తోడి తెచ్చిందే కావాలి. ఊళ్లో అందరూ అన్నీ మరిచిపోయినా ఇది మాత్రం మరవలేదు. నాకు తోబుట్టువులు లేరు. కాబట్టి ఆడబిడ్డ మా అత్తే. చీకటి విడవకముందే ఇత్తడి బిందెకు పసుపు రాసి, కుంకుమ పెట్టి, మామిడాకులు చుట్టి వాగుకు పోయింది.

ఆవు లోపలికి పోయింది. పోతూపోతూ కొత్త నేల మీద చేయాల్సింది చేసింది. శుభమన్నారు. బాజా వాళ్లు వాయిస్తున్నారు. చుట్టాలందరూ గడప ముందు గుమిగూడారు. అత్త వచ్చింది. బిందె నెత్తి మీద లేదు. చంకలో, అది కూడా బోర్లా పట్టుకుని వచ్చింది. మామిడాకులు కిందికి వేలాడుతున్నాయి. బాజాలు ఒక్కొక్కటిగా ఆగిపోయాయి. ఉత్త బిందె ఎదురైతే దారిన పోయేవాడే వెనక్కి తిరుగుతాడు. అట్లాంటిది గృహప్రవేశానికి, ఆడబిడ్డ చేతుల్లో!

"నీళ్లేవమ్మా?" అన్నాడు పూజ చేయించే అయ్యవారు.

"ఇంట్లోనే ఉండాయి స్వామీ," అంది అత్త. "గోడల్లో ఎతకండి. వాగులో లేవు."

నాకు ఒళ్లు మండిపోయింది. "నలుగురిలో ఇదేం పనత్తా? నా మీద కోపముంటే రెండు తన్ను. శుభకార్యానికి అడ్డం పడతావా?" అన్నాను.

"తన్నితే నీళ్లు వస్తాయంటే ఎప్పుడో తన్నుందును గదరా. తెల్లారగట్ల నుంచీ మూడు చోట్ల తోడినా. రా, వచ్చి చూసుకో."

అయ్యవారు ముహూర్తం జారిపోతోందని తొందరపడుతున్నాడు. "పోనీ ఎదురుగా బోరింగుండాది, ఒక బిందె కొట్టించండి. ఏ నీళ్లయినా గంగే," అన్నాడు.

అప్పటిదాకా పట్టుచీరలో తల వంచుకుని ఉన్న నా భార్య తల ఎత్తింది. "ఆ ఎర్రబోరింగు నీళ్లు నా పొయ్యి మీదికి రావు స్వామీ. ఆ నీళ్లు మా మామగారిని ఏం చేసినాయో నేను చూసినా. నా బిడ్డకు ఇంకా దవడపళ్లు రావాల," అంది. తర్వాత నా వైపు తిరిగి, మెల్లగా, "వాగులో నీళ్లు లేకుంటే రేపు ట్యాంకులోకి యాడ్నుంచి వస్తాయి? నీకు తెలవదా?" అని అడిగింది. ఆమె గొంతులో కోపం లేదు. నిజంగానే నాకు తెలియదేమోనని అడిగింది. అదే నాకు కష్టమైంది.

కొత్త పంచె, నుదుట బొట్టు, చేతికి కంకణం, అట్లాగే వాగుకు నడిచాను. నా వెనక పెళ్లి ఊరేగింపులాగా ఊరంతా. వాగు చూసి ఎన్నాళ్లయిందో చాలామందికి గుర్తు లేదు. మా చిన్నప్పుడు ఒడ్డునుంచి దూకితే మెత్తగా మోకాలి దాకా దిగబడే ఇసుక. ఇప్పుడు ట్రాక్టరు చక్రాల చాళ్లు, వాటి నడుమ బండరాళ్లు, ఎర్రమట్టి. ఊటబావి వరలు ఇసుకలో మునిగి ఉండాల్సినవి, చుట్టూ ఖాళీ అయిపోయి, నిలబెట్టిన పొట్టేలు మెడలాగా బయటికి నిక్కి ఉన్నాయి. ఆ బావి దగ్గరే అత్త తోడిన మూడో చెలమ.

బోర్లా పడుకుని చెయ్యి దించాను. మోచెయ్యి పోయింది, జబ్బ పోయింది. చెవి ఇసుకకు ఆనింది. వేళ్ల కొసలకు చల్లగా తగిలింది గానీ తడి కాదు. నా చెయ్యి అత్త చేతికంటే జానెడు పొడుగు.

"తగిలిందా?" అంది అత్త పైనుంచి.

"భుజం దాకా దిగిందత్తా. తగల్లా."

"అయితే నీ చెయ్యి గూడా పొట్టిదయినట్టుండాది అల్లుడా. చిన్న వయసులోనే!"

ఒక్కరు కూడా నవ్వలేదు. నేను లేచి కూచుని, కొత్త పంచెకు అంటిన ఇసుక దులుపుకుంటూ, ట్యాంకు సంగతి చెప్పేశాను. రెండు నెలలుగా ఎంతసేపు పడుతోందో, మోటారు ఎట్లా దగ్గుతోందో అన్నీ. ఊరిపెద్ద నన్ను చూసి, "అప్పుడే ఎందుకు చెప్పలేదురా?" అన్నాడు. "ప్రహరీ గోడ మిగిలుండాది," అన్నాను. తిడతారనుకున్నాను. ఎవరూ తిట్టలేదు. అక్కడున్న ప్రతివాడికీ ఒక ప్రహరీ గోడ మిగిలి ఉంది.

మగవాళ్లు పారలు తెచ్చి ఆ చెలమనే నిలువులోతు తవ్వారు. మధ్యాహ్నానికి చిప్ప తేలేటంత నీళ్లు ఊరాయి. అత్త గట్టున కూచుని ఒక్కొక్క చిప్పే తోడించి బిందె నింపింది. అయ్యవారు పంచాంగం అటూ ఇటూ తిప్పి ఇంకో ముహూర్తం పట్టాడు. ఆకలి మీదున్న అయ్యవారికి దొరకని ముహూర్తం లేదు. అత్త నిండు బిందెతో గడప దాటింది. పాలు పొంగాయి. భోజనాల దగ్గర ఆమె పక్కన కూచుంటే, "పప్పు బాగా ఉడికిందిరా," అని ఒక్క మాట మాత్రం అంది.

మర్నాడు ఇళ్ల ముందున్న ఇసుక గుట్టలన్నీ ట్రాక్టర్లకెత్తి తిరిగి వాగులో పోశాం. మొదటి గుట్ట నాదే కావాలని అత్త పట్టుబట్టింది. ఇసుక తోలుకోవడానికి కొట్టినట్టే, తిరిగి పోయడానికి కూడా కొబ్బరికాయ కొట్టాం. పక్క ఊరివాళ్లు వచ్చి చూసి, వీళ్లకు ఎండ దెబ్బ తగిలిందనుకున్నారు. వాగులోకి దిగే బాటకు అడ్డంగా ట్రాక్టరు దాటలేనంత గాడి తవ్వాం. బావికి దిగువన కొండరాళ్లు పేర్చి అడ్డకట్ట వేశాం. అయినా పోసింది పోయినదాంట్లో పదో వంతు కూడా లేదు. తక్కినదంతా ముప్పై ఇళ్లై నిలబడి ఉంది. ఆ ఎండాకాలం రెండు రోజులకొకసారి, తాగడానికి మాత్రం, ఇంటికి రెండేసి బిందెలు వదిలాను. స్నానాలకూ బట్టలకూ ఎర్రబోరింగే. పిల్లల నోట్లోకి ఆ నీళ్లు పోకుండా ఆడవాళ్లు కాపలా కాశారు. ఇంటికొకరు వంతులు వేసుకుని వారానికొకసారి చెలమ తోడి చెయ్యి దించేవాళ్లు. ఎవరి చెయ్యి కొలత అని తగాదాలొచ్చాయి. చివరికి అత్తను ఉదయగిరిలో కొయ్యపని చేసే ఒకాయన దగ్గరికి తీసుకుపోయి, ఆమె చేతిని వేలి కొసనుంచి భుజం దాకా కొలిపించి, మణికట్టు దగ్గరా మోచేతి దగ్గరా గాట్లు పెట్టిన కర్ర చేయించాం. ఆయన జీవితంలో గరిటెలూ స్పూన్లూ చేశాడు గానీ ముసలమ్మ చెయ్యి చేయడం అదే మొదటిసారట.

ఆ ఏడు వాన సరిగ్గా పడలేదు. మరుసటేడు వాగు ఒక పూట పారి, కట్ట దగ్గర బురద పెట్టిపోయింది. అత్త దాన్ని వేళ్లతో నలిపి చూసి, "ఇది కాదు, ఇంకా రావాల," అంది. మూడో ఏడు కొంచెం వచ్చింది. నాలుగో ఏడు కొండ మీద పడ్డ వాన మూడు రోజులు దిగింది. తగ్గిన తర్వాత పోయి చూస్తే బావి వరలు కనబడలేదు, అంతా తెల్లటి కొత్త ఇసుక, ఒక్క అడుగుజాడ లేకుండా. మరుసటి ఉగాదికి కర్ర దించితే మోచేతి గాటు దగ్గర తడిసింది. మేం ఒక్క ఏడాదిలో తోలుకొచ్చుకున్న ఇసుకను తిరిగి తెచ్చిపెట్టడానికి వాగుకు నాలుగు వానాకాలాలు పట్టింది. అందులో మా అత్త చూసినవి రెండు.